వెబ్‌స్టర్ అనే ఇంటిపేరు గురించి నాలుగు మాటలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం రాసి ఇచ్చినది.)



మేము పెద్ద చదువులు చదివినవాళ్ళం కాదు. ఎనిమిదో తరగతి అవగానే మా చదువు మగ్గం గుంటలోకి దిగిపోయింది. తర్వాత సంఘం లెక్కలు రాసుకుంటూ, నూలు బేళ్ళు దింపించుకుంటూ, రిబేటు డబ్బుల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఇంతవరకు వచ్చాం. ఇలాంటి సభల్లో మేము లేచామంటే నూలు ధర, చిలపల సరఫరా, జీఎస్టీ తప్ప ఇంకొకటి మాట్లాడమని మీ అందరికీ తెలుసు. ఈసారి వేరే సంగతి తెచ్చాం. ఒక ఇంగ్లీషు వాళ్ళ ఇంటిపేరు గురించి. నవ్వకండి, కాస్త వినండి. ఇది తిరిగి తిరిగి మన మగ్గం దగ్గరికే వస్తుంది.

మా పెద్దబ్బాయి కూతురు నర్సు చదువు చదివి ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నది. పోయిన సంవత్సరం ఒక రాత్రి ఫోను చేసింది. మాకు రాత్రి, వాళ్ళకు సాయంత్రం. మంచి చెడ్డా ఏమీ అడగలేదు. "తాతా, మన ఇంటిపేరు ఏంటి?" అన్నది.

మాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. పాతికేళ్ళ పిల్ల, మా చేతుల్లో పెరిగిన పిల్ల, ఇంటిపేరు ఏంటని అడుగుతున్నది. తప్పు ఆ పిల్లది కాదు. తమిళనాడులో మనకు ఉన్నది ఇనీషియలు ఒక్కటే. తండ్రి పేరులో మొదటి అక్షరం, దాని పక్కన మన పేరు, అంతే. ఇంటిపేరు బడి రికార్డులో లేదు, రేషను కార్డులో లేదు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ముసలివాళ్ళు గోత్రంతో పాటు అడుగుతారు, ఆ రోజు బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి కనబడేసరికి ఏజెంటు మా అబ్బాయి పేరు అందులో రాసేశాడు. కాబట్టి ఆ ఊళ్ళో మా మనవరాలిని డాక్టర్లు, రోగులు అందరూ ముందు 'మిస్' అని చేర్చి వాళ్ళ నాన్న పేరు పెట్టి పిలుస్తున్నారు.

అసలు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందంటే, వార్డులో ఎనభై దాటిన ఒక ముసలావిడ ఉందట. పేరు మిసెస్ వెబ్‌స్టర్. మీ వాళ్ళు ఇండియాలో ఏం పని చేస్తారని అడిగితే, మా మనవరాలు "మా తాత మగ్గం నేస్తాడు" అన్నదట. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, "అయితే నీదీ నాదీ ఒకటే ఇంటిపేరు కదా" అన్నదట. "నా పేరుకు అర్థం నేతగత్తె. నీ ఇంటిపేరు ఏంటి, దానికి అర్థం ఏంటి?" అని అడిగిందట.

ఆ ప్రశ్నే మా దాకా వచ్చింది. మేము ఇంటిపేరు చెప్పాం. రామాపురం. అర్థం అడిగితే ఊరి పేరు అన్నాం. ఏ రామాపురం అంటే మా దగ్గర జవాబు లేదు. ఆంధ్రలో, తెలంగాణలో రామాపురాలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టుకోండి. మా తాతగారి తాతగారు ఏ రామాపురం నుంచి మగ్గం సామాను బండి మీద వేసుకుని దక్షిణానికి వచ్చారో చెప్పే మనిషి ఇప్పుడు లేడు.

ఆ తర్వాత మాకు నిద్ర పట్టలేదు. ఆ వెబ్‌స్టర్ సంగతి ఏమిటో తెలుసుకోవాలని పట్టుబట్టాం. మాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అర్థం చేసుకోవడం తక్కువ. మనవరాలు ఆదివారం ఆదివారం చదివి చెప్పేది, మేము సంఘం పాత డైరీలో రాసుకున్నాం. ఇప్పుడు చెప్పేదంతా ఆ డైరీలోదే.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నేసే మగవాణ్ణి 'వెబ్బ' అనేవారట. నేసే ఆడదాన్ని 'వెబ్బెస్ట్రె' అనేవారట. మనం అందగాడు, అందగత్తె అన్నట్టే. వెబ్ అంటే నేసిన గుడ్డ. సాలెపురుగు గూటికి కూడా అదే మాట. మన భాషలో సాలెవాడికీ సాలెపురుగుకీ ఉన్న చుట్టరికం వాళ్ళ భాషలోనూ ఉంది చూడండి. ఈ రోజు మన పిల్లలు పొద్దస్తమానం చూసే వెబ్‌సైటు కూడా ఆ గుడ్డ ముక్కే. మన సంచిక ఈ ఏడు కాగితం మీద కాకుండా వెబ్‌లో వస్తున్నదని కార్యదర్శిగారు చెప్పినప్పుడు కొందరు పెద్దలు బాధపడ్డారు. బాధపడకండి, అదీ మన సరుకే.

ఆ వెబ్బెస్ట్రె కాలం గడిచి వెబ్‌స్టర్ అయింది. వెబ్బ అన్నది వెబ్ అయింది. 'వెబ్బర్' అని ఇంకొకటి. మూడూ నేతపని పేర్లే. అవి ఒక్కో ప్రాంతంలో ఒక్కోటి ఎక్కువ. ఇంగ్లండు దక్షిణం వైపు, నడిమి జిల్లాల్లో వెబ్‌లు. నైరుతి మూల డెవాన్, సోమర్సెట్ వైపు వెబ్బర్లు. ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్, డెర్బీషైర్, ఇంకా పైన స్కాట్లండు తూర్పు వైపు వెబ్‌స్టర్లు. మన దగ్గర కండెను, నాడెను ఒక్కో తావున ఒక్కో పేరుతో పిలిచినట్టే.

ఇక్కడ మమ్మల్ని ఆపేసిన సంగతి ఒకటి ఉంది. వెబ్‌స్టర్ అనేది మొదట ఆడదాని పని పేరు. తరవాత ఉత్తరాన ఆ మాట మగవాళ్ళకు కూడా వాడుకలోకి వచ్చి, మగవాళ్ళ ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అంటే మన ఊళ్ళో ఒక పెద్దమనిషి తలపాగా చుట్టుకుని వచ్చి "నా ఇంటిపేరు నేతగత్తె" అన్నట్టు. ఇది ఒక్క నేతకే కాదు. బ్రూస్టర్ అంటే మొదట బీరు కాచే ఆడది. బాక్‌స్టర్ అంటే రొట్టెలు కాల్చే ఆడది. డెక్‌స్టర్ అంటే అద్దకం వేసే ఆడది. ఇవన్నీ ఇప్పుడు మీసాలున్న మగవాళ్ళ ఇంటిపేర్లు. ఆ వరసలోదే స్పిన్‌స్టర్, అంటే నూలు వడికే ఆడది. అది మాత్రం ఇంటిపేరు అయినట్టు కనబడదు, పెళ్ళికాని ఆడది అనే అర్థంలోకి దిగిపోయింది. పెళ్ళికాని ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చుని బతుకు గడిపేవారు కాబట్టి. ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలో 2005 వరకు ఆ మాట రాసేవారట. రాట్నం పోయి రెండు వందల ఏళ్ళయినా ఆ మాట పోలేదు.

ఇంటిపేర్లు ఎలా పుట్టాయి అనేది కూడా చెప్పాలి. వెనకటి కాలంలో అక్కడ కూడా ఒక్క పేరే. ఊళ్ళో పది మంది జాన్‌లు ఉంటే మగ్గం జాన్, కొలిమి జాన్, మిట్ట మీద జాన్ అని గుర్తు. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం తీసుకున్నాక భూములకు, పన్నులకు రాత లెక్కలు బలపడ్డాయి. ఇంచుమించు 1400 నాటికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు తండ్రి పేరు వెనక పిల్లలకు వచ్చే ఇంటిపేరు నిలబడిపోయింది. 1377లో, 1379లో, 1381లో రాజుగారు తలపన్ను వేశారు. మనిషికింత అని. మూడోసారికి రైతులు, చేతిపని వాళ్ళు తిరగబడ్డారు కూడా. యార్క్‌షైర్‌లో 1379 నాటి ఆ పన్ను జాబితాల్లో పేరు పక్కనే పని కూడా రాసి ఉంటుందట. మా మనవరాలు అది చెప్పినప్పుడు మాకు కుంపిణీ వాళ్ళ మోతుర్ఫా పన్ను గుర్తుకొచ్చింది. మగ్గానికింత అని కట్టిన రోజులు మా తాతగారు వాళ్ళ పెద్దల నోట విన్నారు. రాజు ఎవరైనా నేతగాణ్ణి మొదట గుర్తుపట్టేది పన్ను వేసేటప్పుడే.

నేత ఒక్కటే కాదు, బట్ట చేతులు మారిన ప్రతి చోటా ఒక ఇంటిపేరు మిగిలింది అక్కడ. వాకర్ అనే పేరు తీసుకోండి. ఇంగ్లండులో మొదటి ఇరవై ఇంటిపేర్లలో ఉండే పేరు. మన మగవాళ్ళలో కొందరికి సీసా మీద పరిచయం, ఎవరెవరో మేము చెప్పం. ఆ సీసా మీద బొమ్మ టోపీ పెట్టుకుని కర్ర పట్టుకుని షికారు పోతుంటాడు. అసలు వాకర్ షికారు పోయేవాడు కాదు. మగ్గం దిగిన ఉన్ని గుడ్డ జిడ్డుగా, వదులుగా ఉంటుంది. దాన్ని తొట్టెలో వేసి, నీళ్ళు, ఒక రకం మట్టి, పులిసిన మూత్రం పోసి, గంటల కొద్దీ కాళ్ళతో తొక్కితే జిడ్డు పోయి పోగు పోగు కలిసి గట్టిపడుతుంది. ఆ తొక్కేవాడు వాకర్. అదే పనివాణ్ణి ఆగ్నేయం వైపు ఫుల్లర్ అన్నారు, నైరుతి వైపు టక్కర్ అన్నారు. ఆ వాసన ఎలా ఉండేదో ఊహించుకోండి. మనం గంజి పులిసిన వాసనకే ముక్కు మూసుకునే కోడళ్ళను చూస్తున్నాం.

లిస్టర్ అంటే అద్దకం వేసేవాడు. ఆ పేరుతో ఒక పెద్ద సర్జను ఉన్నాడు, జోసెఫ్ లిస్టర్. ఆపరేషను చేసిన పుండు కుళ్ళకుండా కార్బాలిక్ యాసిడ్ వాడాలని 1867లో లోకానికి చెప్పినవాడు. నోరు పుక్కిలించే లిస్టరిన్ మందుకు ఆయన పేరే పెట్టారు. మా మనవరాలు రోజూ చేసే పనికి మూలపురుషుడన్నమాట. నేతవాళ్ళ పిల్ల అద్దకంవాళ్ళ పేరు చెప్పుకుని చేతులు కడుక్కుంటున్నది. షెర్మన్ అంటే గుడ్డ మీద లేచిన నూగును కత్తెరతో సమంగా కత్తిరించేవాడు. టోజర్ అంటే ఉన్ని చిక్కు తీసేవాడు. టైలర్ ఎవరో చెప్పక్కరలేదు, ఆ దేశంలో మొదటి పది ఇంటిపేర్లలో అదొకటి.

ఇలాంటి పేర్లు యూరోపు అంతటా ఉన్నాయట. జర్మనీలో వెబర్, అక్కడ చాలా ఎక్కువ మందికి ఉన్న పేరు. హంగరీలో టకాచ్. ఫ్రెంచి వాళ్ళ తిసెరాఁ, ఇది యానాం పెద్దలకు చెవిన పడి ఉండవచ్చు. మన దగ్గర మహారాష్ట్ర, గుజరాతు వైపు సాల్వీ అనే ఇంటిపేరు ఉంది, పాటన్ పటోలా నేసేవాళ్ళు సాల్వీలే. మన తెలుగు నేతవాళ్ళకు మాత్రం ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ళ పేర్లే. పని పేరు ఎందుకు పెట్టుకోలేదు అంటే, ఊరంతా నేతవాళ్ళే అయినప్పుడు మగ్గం సుబ్బయ్య అంటే ఏ సుబ్బయ్య అని పలికేది? వలస వచ్చినచోట ఏ ఊరి నుంచి వచ్చాడన్నదే గుర్తు అయింది. ఇది మా ఆలోచన, తప్పయితే పెద్దలు దిద్దండి.

వలస మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. ఇంగ్లండులో నేత పెరిగింది కూడా వలస వచ్చినవాళ్ళ వల్లే. 1331లో మూడో ఎడ్వర్డు రాజు ఫ్లాండర్స్ నుంచి జాన్ కెంప్ అనే నేతగాడికి, అతని మనుషులకు రక్షణ పత్రం రాసి ఇచ్చి రప్పించుకున్నాడు. అలా ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళకు ఫ్లెమింగ్ అనే పేరు పడింది. ఏ దేశం వాళ్ళో పేరే చెబుతుంది. 1685 తర్వాత ఫ్రాన్సులో మతం కోసం తరిమితే పట్టు నేసేవాళ్ళు వేలమంది లండన్లో స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేటకు వచ్చి మగ్గాలు వేసుకున్నారు. వాళ్ళలో కొందరు రెండు మూడు తరాల్లో పేర్లు మార్చుకున్నారు. ఫ్రెంచిలో తెలుపు అనే అర్థం ఉన్న లెబ్లాఁ అనే పేరువాళ్ళు ఇంగ్లీషులో వైట్ అయిపోయారట. ఇది విన్నప్పుడు మాకు షోలాపూరు చుట్టాలు గుర్తొచ్చారు. వాళ్ళకు ఇంటిపేరు మిగిలింది, కాని మరాఠీ రాతలో సాగి సాగి కొన్ని మనకే గుర్తుపట్టరాకుండా ఉన్నాయి. మాకు ఇంటిపేరే పోయింది. ఏది నయమో చెప్పలేం.

వెబ్‌స్టర్లలో పేరుపొందినవాళ్ళు చాలామంది ఉన్నారు. వెబ్‌స్టర్ డిక్షనరీ అని మీ పిల్లల బడుల్లో చూసి ఉంటారు. దాన్ని చేసిన నోవా వెబ్‌స్టర్ 1758లో అమెరికాలో కనెక్టికట్ అనే చోట పుట్టాడు. వాళ్ళ నాన్న సేద్యం చేసేవాడు, దానితో పాటు మగ్గం కూడా నేసేవాడట. పేరుకు తగిన పని ఆ ఇంట్లో ఇంకా మిగిలి ఉందన్నమాట. కొడుకును కాలేజీకి పంపడానికి ఆ తండ్రి పొలం తాకట్టు పెట్టాడు. ఆ కొడుకు డెబ్భై ఏళ్ళ వయసులో, 1828లో, 70 వేల మాటలతో పెద్ద నిఘంటువు తెచ్చాడు. మన సభలో ఇలా తాకట్టు పెట్టి చదివించిన తండ్రులు ఎంతమంది ఉన్నారో చేతులు ఎత్తమంటే చాలా చేతులు లేస్తాయి. అదే పేరుతో అంతకు ముందు రెండు వందల ఏళ్ళ నాడు లండన్లో ఒక నాటకాల రచయిత ఉండేవాడు, జాన్ వెబ్‌స్టర్. అతని తండ్రి గుర్రపు బండ్లు తయారు చేసేవాడు. పేరులో నేత, ఇంట్లో బండ్లు. అప్పటికే ఆ పేరుకూ పనికీ మధ్య పోగు తెగిపోయింది.

వెబ్‌లలో ఒక మాట మేము ప్రత్యేకంగా చెప్పుకోవాలి, సహకార సంఘం వాళ్ళం కాబట్టి. 1844లో ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో 28 మంది కలిసి, 28 పౌండ్ల మూలధనంతో కొట్టు పెట్టారు. వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తులు అమ్మారు. ఆ 28 మందిలో చాలామంది ఫ్లానెల్ నేసే వాళ్ళే. కూలి పెంచమని సమ్మె చేసి ఓడిపోయి, ఆ ఓటమి నుంచి కొట్టు పెట్టినవాళ్ళు. మన సంఘాల బైలాల్లో ఉన్న 'ఒక సభ్యుడికి ఒకే ఓటు' అనే రూలు వాళ్ళు పాటించిన పద్ధతే. ఈ సహకార ఉద్యమం మీద 1891లో పుస్తకం రాసిన బియాట్రిస్ అనే ఆవిడ మరుసటి సంవత్సరం సిడ్నీ వెబ్ అనే ఆయనను పెళ్ళి చేసుకుని బియాట్రిస్ వెబ్ అయింది. నేతవాళ్ళ సంఘాల గురించి రాసినావిడ నేతవాళ్ళ ఇంటిపేరు ఇంటికే కోడలుగా వెళ్ళింది. వాళ్ళిద్దరూ 1911, 1912లో మన దేశం కూడా చుట్టి వెళ్ళారు. ఆకాశంలో తిరుగుతున్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు గురించి పిల్లలు మాకంటే బాగా చెబుతారు. 2021 డిసెంబరు 25న పంపారు. నాసాకు 1961 నుంచి 1968 వరకు పెద్దగా ఉన్నాయన పేరు అది. ఎండ తగలకుండా దానికి టెన్నిస్ కోర్టంత పరదా, అయిదు పొరలు వేశారట. నేసిన గుడ్డ కాదు, ప్లాస్టిక్ లాంటి పలచని రేకు. పోనీ, పరదా కట్టుకున్నదానికి నేతగాడి పేరు పెట్టారు, అది చాలు.

ఇంతమంది వెబ్‌స్టర్లు ఉన్నారు, మరి మగ్గాలు ఏవి అని మేము మనవరాలిని అడిగాం. తాతా, మ్యూజియంలో ఉన్నాయి అన్నది.

1733లో జాన్ కే అనేవాడు లాగుడు నాడె కనిపెట్టాడు. మన మగ్గం మీద ఇప్పుడు ఉన్నది అదే. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం తెచ్చాడు. వెంటనే ఏమీ కాలేదు. 1820ల్లో బ్రిటన్లో చేతి మగ్గం మీద నూలు గుడ్డ నేసేవాళ్ళు రెండు లక్షల 40 వేల మంది ఉంటారని అంచనా. 1850 నాటికి 50 వేలకు లోపు. ఒక్క మనిషి జీవితకాలంలో అంతా అయిపోయింది. తండ్రి నేతగాడు, కొడుకు మిల్లు కూలీ. ఆ మిల్లు గుడ్డే ఓడ ఎక్కి వచ్చి మన తాతల మగ్గాలను కూడా పడుకోబెట్టింది. మాంచెస్టరు గుడ్డ అని మా నాయనమ్మ తిట్టుతో కలిపి అనేది. ఆ గుడ్డ నేసిన ఊళ్ళలోనే మాకంటే ముందు మునిగిపోయిన నేతవాళ్ళు ఉన్నారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మాకూ ఈ వయసులోనే తెలిసింది.

అక్కడ పని పోయింది, పేరు ఉండిపోయింది. ఇక్కడ పని ఇంకా ఉంది, పేరు పోతున్నది. మిసెస్ వెబ్‌స్టర్‌కు మగ్గం ఎలా ఉంటుందో తెలియదు, అయినా తన ఇంట్లో ఎవరో నేశారని తెలుసు. మా మనవరాలు మగ్గం శబ్దానికి నిద్రపోయి, మగ్గం శబ్దానికి లేచిన పిల్ల. ఆ పిల్ల పాస్‌పోర్టు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఇంక మా తప్పు ఒకటి ఈ సభలో ఒప్పుకోవాలి.

'వెబ్‌స్టర్ అంటే మొదట నేసే ఆడది' అని డైరీలో రాసుకున్న రోజే మా ఇంటావిడకు చదివి వినిపించాం. ఆవిడ కండెలు చుడుతున్నది. రాట్నం ఆపకుండా, "అయితే ఆ దేశంలో మా పేరు కూడా రాశారన్నమాట" అన్నది. ఇంకేమీ అనలేదు. మాకు మూడేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. చేనేత కార్మికులకు ఇచ్చే సాయం ఒకదానికి మా ఇంటావిడ దరఖాస్తు పెట్టుకుంది. ఆవిడ నలభై ఏళ్ళుగా కండెలు చుట్టింది, ఆసు పోసింది, మాకు ఒంట్లో బాగా లేనప్పుడు గుంటలో దిగి నేసింది. దరఖాస్తు తిరిగి వచ్చింది. నేతపని చేస్తున్నట్టు సంఘం రికార్డులో రుజువు లేదని. ఆ రికార్డు రాసింది ఎవరు? మేమే. కార్యదర్శిగా మా చేతి రాత. మగ్గానికి ఒక సభ్యుడు, సభ్యుడంటే ఇంటి మగవాడు. అంతకు ముందు కార్యదర్శి అలాగే రాశాడు, మేమూ అలాగే రాశాం. ఆ ఆఫీసు వాళ్ళను తిట్టుకుంటూ మేము ఇంటికి వచ్చాం, అద్దంలో చూసుకోలేదు.

2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం మన దేశంలో చేనేత, దాని అనుబంధ పనులు చేసేవాళ్ళు 35 లక్షల 22 వేల పైచిలుకు. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల్లో ఇంటింటా ఆడవాళ్ళే నేస్తారు కాబట్టి ఆ లెక్క అంత ఎక్కువ కనబడుతుంది, ఆ మాట నిజమే. అయినా మన ఇళ్ళలో రాట్నం ముందు ఎవరు కూర్చుంటారో, పడుగు చాపినప్పుడు తెల్లవారుజామున వీధిలో కుంచె పట్టుకుని ఎవరు నడుస్తారో మీకు మేము చెప్పాలా? మా సంఘం రిజిస్టరులో ఆ ఆడవాళ్ళ పేర్లు భర్తల పేర్ల వెనక కూడా లేవు.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి పెట్టాం. కొంత గొడవ అయింది. ఆడవాళ్ళ పేర్లు రాస్తే వాటా అడుగుతారని ఒకరు, ఓటు అడుగుతారని ఒకరు. అడిగితే తప్పేముందని ఒక కుర్రవాడు అన్నాడు, అతని తల్లి పక్కనే కూర్చుని ఉంది. చివరికి వేరే పుస్తకం ఒకటి పెట్టడానికి ఒప్పుకున్నారు. ఓటు సంగతి తర్వాత చూద్దామన్నారు, అది మాకు సంతోషం కాలేదు, అయినా పుస్తకం దొరికింది కదా అని ఊరుకున్నాం. అందులో నాలుగు గళ్ళు గీశాం. ఇంటిపేరు, ఏ ఊరి నుంచి వచ్చామని పెద్దలు చెప్పారు, ఇంట్లో ఎవరెవరు ఏ ఏ పని చేస్తారు, ఎప్పటి నుంచి. పని గడిలో నేత ఒక్కటే కాదు, కండెలు, ఆసు, గంజి, అచ్చు అతకడం, అద్దకం అన్నీ విడివిడిగా. మొదటి పేజీలో మా ఇంటావిడ పేరు. ఇంటిపేరుతో కలిపి. ఊరు గడిలో రామాపురం అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాం. ఈ సభలో రామాపురం ఇంటిపేరు వాళ్ళు ఎవరైనా ఉంటే, కర్ణాటక వైపు అయినా, బరంపురం వైపు అయినా, భోజనాల దగ్గర మమ్మల్ని పలకరించండి. మీ పెద్దలు ఏ జిల్లా పేరు చెప్పారో అడగాలి.

మిసెస్ వెబ్‌స్టర్ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిందట. వెళ్ళే ముందు మా మనవరాలు మన ఇంటిపేరు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. రా, మా అక్షరాలు సరిగ్గా వచ్చాయా అని ముందు మాకు ఫోటో పంపింది. పిల్ల తెలుగు రాసి చాలా ఏళ్ళయింది. పు మీద తలకట్టు కూడా పెట్టింది. దిద్ది పంపాం.

మా పుస్తకంలో ఇంకా నలభై ఇళ్ళు మిగిలి ఉన్నాయి. ముసలమ్మలకు ఊళ్ళ పేర్లు, పాత సంగతులు పొద్దుటిపూట బాగా గుర్తుకొస్తున్నాయి, సాయంత్రం అడిగితే విసుక్కుంటున్నారు. అందుకని మేము ఆఫీసు తెరవకముందే పుస్తకం చంకన పెట్టుకుని రోజుకు రెండిళ్ళు చొప్పున తిరుగుతున్నాం. రేపు సాయంత్రం రైలుకు వెళ్ళి, ఎల్లుండి పొద్దున్న మళ్ళీ మొదలుపెట్టాలి.